నెనీత గేటు ముందు బల్ల

ఖాళీ సంచీతో వెళ్ళి ఖాళీ సంచీతో తిరిగి రావడం ఎవరైనా చేస్తారు. ఖాళీ సంచీతో వెళ్ళి, ఇంట్లో మిగిలిన కాస్తా కూడా అక్కడే ఇచ్చి రావడం పురింగ్‌కే చెల్లింది. అదీ ఒకే వారంలో రెండుసార్లు.

మొదటిసారి మంగళవారం. ఎదురింటి నెనీత తన గేటు ముందు బల్ల వేసి అప్పటికి నాలుగు రోజులైంది. నెనీత ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్ళు కాన్పులు చేసి రిటైరైన మనిషి. ఆ వీధిలో సగం మందిని పుట్టగానే తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది తనే కాబట్టి, జీవితాంతం వాళ్ళ మీద అరిచే హక్కు తనకుందని ఆమె నమ్మకం. బల్ల మీద అరకిలో బియ్యం పొట్లాలు, పెసలు, వంకాయలు, సార్డిన్ చేపల డబ్బాలు, గుడ్లు పెట్టి, పైన అట్టముక్క వేలాడదీసింది. "కావలసినంత తీసుకోండి, ఉన్నంతలో పెట్టండి" అని దాని మీద రాసి ఉంది. అంతకు మించి ఏ షరతూ లేదు, పేరు కూడా అడగదు.

ఆ ఊళ్ళో అప్పుడు అలాంటి బల్ల అవసరమే. నవంబరు తుఫాను కొబ్బరిచెట్ల తలలు విరిచేసి పోయింది. కొత్త మొక్క నాటి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. కాయలు దింపేవాళ్ళకీ, కొబ్బరి ఎండబెట్టేవాళ్ళకీ పని పోయింది. వాళ్ళకి పని పోతే ఊళ్ళో పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి, పెళ్ళిళ్ళు వాయిదా పడితే పురింగ్ కుట్టుమిషను మీద గుడ్డ కప్పాల్సి వచ్చింది.

పురింగ్ దర్జీ. ఆ వీధి ఆడపిల్లలందరూ ఆమె కుట్టిన గౌనులోనే చర్చి మెట్లెక్కారు. మొగుడు పోయి పన్నెండేళ్ళయినా ఒకరి ముందు చెయ్యి చాచింది లేదు. ఎవరింట్లో చావు జరిగినా మొదటి గిన్నె అన్నం ఆమె ఇంటి నుంచే వెళ్ళేది. తుఫానుకు కప్పు ఎగిరిపోయిన ఇళ్ళకు తన కర్టెన్లు విప్పి ఇచ్చింది. అందుకే చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ ఆమెను "ఆతె" అంటారు, అక్కా అని. పేరు పక్కన ఆ మాట చేరి చేరి, ఆమెకు అది ఒక కిరీటంలా కుదిరిపోయింది. కిరీటం పెట్టుకున్నవాళ్ళకి తల వంచడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

మంగళవారం పొద్దున డబ్బాలో రెండు గుప్పెళ్ళ బియ్యమే కనిపించాయి. పురింగ్ సంచీ మడిచి చంకలో పెట్టుకుని, ఎవరూ లేని సమయం చూసి రోడ్డు దాటింది. బల్ల దగ్గరికి చేరేసరికి కొబ్బరిచెట్లెక్కే ఆంబో సైకిలు ఆపి అక్కడే బీడీ ముట్టిస్తున్నాడు. నెనీత గేటులోంచి తొంగిచూసి గొంతెత్తింది.

"అదిగో, వచ్చింది మహాతల్లి! నువ్వు రాకుండా ఉంటావా అని పొద్దుట్నించీ అనుకుంటూనే ఉన్నా. ఏం తెచ్చావే?"

పురింగ్ నోట్లో తయారుగా ఉన్న మాట వేరు. "నాకో పొట్లం కావాలి" అని నాలుగుసార్లు ఇంట్లో అద్దం ముందు అనుకుని వచ్చింది. ఆంబో ఆమెకేసి మర్యాదగా తలూపాడు. అంతే, ఆ మాట కాస్తా మాయమైంది.

"సంచీ తెచ్చాను గానీ అందులో పెట్టేది మర్చిపోయా చూడు, మతిమరుపు!" అంది.

వెనక్కి వెళ్ళి, దూలానికి వేలాడుతున్న ఎండుచేపల కట్ట మొత్తం తెచ్చి బల్ల మీద పెట్టింది. నెనీత ఆ కట్టను పైకెత్తి వీధికంతా చూపించింది.

ఇంటికొచ్చాక నానయ్ ఇస్కా దూలం వైపు చూసింది, కూతురి మొహం వైపు చూసింది. నానయ్ అంటే అమ్మ. ఎనభై నాలుగేళ్ళు, నోట్లో పళ్ళు ఆరే గానీ మాటకు పదును తగ్గలేదు.

"తేవడానికి వెళ్ళావా, ఇవ్వడానికి వెళ్ళావా?"

"జనం ఉన్నారు నానయ్."

"జనం లేని చోట బల్ల ఎందుకు వేస్తారే? శ్మశానంలో వేస్తారా? ఈ పూట దేంతో తినమంటావు నన్ను, నీ పరువు నంజుకుని తినమంటావా?"

"మునగాకు ఉంది. జావలో వేస్తా."

"వెయ్యి. మీ నాన్న కూడా ఇంతే. ఇంట్లో ఉప్పు లేకపోయినా చుట్టాలు వస్తే 'ఇప్పుడే కోడిని తిన్నాం' అనేవాడు. ఆ కోడి ఎక్కడుందో నేను యాభై ఏళ్ళుగా వెతుకుతున్నా."

పురింగ్ నవ్వింది. నవ్వక తప్పదు, ఆవిడ పక్కన ఉంటే ఏడవడానికి సందు దొరకదు. కానీ ఆ పూట జావ గిన్నెలో అమ్మకే గట్టిదంతా వడ్డించి తను పైన తేట తాగింది. ముసలావిడ చెయ్యి చెంచా పట్టుకుంటే వణుకుతోంది. అది వయసు వణుకు కాదని పురింగ్‌కు తెలుసు.

గురువారం మళ్ళీ వెళ్ళింది. ఈసారి గట్టిగా మనసు చేసుకునే వెళ్ళింది. బల్ల చుట్టూ ఎవరూ లేరు, నెనీత ఒక్కతే ఈగలు తోలుతోంది. అయితే నెనీతే అసలు చిక్కు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ. ఆరో తరగతిలో నెనీతకు బూట్లు లేకపోతే తన పాత జత ఇచ్చింది పురింగే. ఆ ఇచ్చిన చెయ్యి ఇప్పుడు తిరగెయ్యాలి. తిరగలేదు. "మా పాదుకు ఒకే ఒక్క గుమ్మడికాయ కాసింది, పెద్దదైపోయింది, మేమిద్దరం ఎక్కడ తింటాం" అనేసి పరుగున పోయి దాన్ని కోసుకొచ్చేసింది.

నెనీత కరిగిపోయింది. లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బల్ల పక్కన వేసింది.

"కూర్చో. నీలాంటి మనిషి పక్కన కూర్చుంటే బల్లకే గౌరవం."

అలా పురింగ్ ఆకలితో, బియ్యం పొట్లాలకు జానెడు దూరంలో, దాతగా కూర్చుంది. మూడు గంటలు కూర్చుంది. ఆ మూడు గంటల్లో బల్ల ముందు ఒక్కరు ఆగితే ఒట్టు.

ఆంబో సైకిలు మీద ఈల వేసుకుంటూ పోయాడు. బల్ల వచ్చేసరికి ఈల పెద్దదైంది, చూపు ఆకాశం మీదికి పోయింది. మూలింటి లూసింగ్ బల్ల కనపడగానే రోడ్డుకు అవతలి అంచుకు జరిగింది. మొగుడు ఓడరేవులో పని దొరుకుతుందని పోయి మూడు నెలలైంది, ఇంట్లో ముగ్గురు పిల్లలు.

"లూసింగ్! ఇలా రా, గుడ్లున్నాయి, తీసుకుపో!" నెనీత అరిచింది.

"వద్దులే, ఇప్పుడే తిన్నాం. కడుపు నిండుగా ఉంది!"

మా వైపు మర్యాద అది. తింటున్నవాళ్ళు దారిన పోయేవాళ్ళని పిలవాలి, పిలిచినవాళ్ళకి "నిండుగా ఉంది" అని చెప్పాలి. రెండోసారి పిలిస్తే నవ్వాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే గాని కూర్చోకూడదు. మంచి మర్యాదే, నేను కాదనను. కానీ నిజంగా ఆకలేసినవాడు కూడా అదే జవాబు చెప్పి పోతుంటే, ఆ మర్యాదను ఏం చేసుకోవాలి?

లూసింగ్ కడుపు నిండలేదని పురింగ్‌కు తెలుసు. క్రిస్మస్ తర్వాత రెండుసార్లు లూసింగ్ తన పావడా నడుము బిగించమని తెచ్చింది. దర్జీ టేపుకు మర్యాదలు తెలియవు. ఆంబో ప్యాంటుకు కొత్తగా రెండు టక్కులు వేసింది కూడా తనే. వీధి మొత్తం ఎంత చిక్కిపోయిందో పురింగ్ దగ్గర అంగుళాల్లో ఉంది. ఎవరితోనూ అనలేదు, అనకూడదు కదా.

సాయంత్రానికి వంకాయలు వడిలిపోయాయి. నెనీత వాటిని ఒక్కొక్కటే బుట్టలోకి విసిరింది.

"ఆదివారం తీసేస్తానే బల్ల. ఎవ్వరికీ అక్కర్లేదు. రైతుబజారులో వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి తెస్తే ఇక్కడ కుళ్ళబెట్టడమా? ఊరంతా కడుపు నిండి తిరుగుతోంది, మనకే పిచ్చి."

పురింగ్ చప్పున తలెత్తింది. బల్ల ఉండగా తీసుకోలేకపోయినా, ఉందన్న ధైర్యం ఉంది ఇన్నాళ్ళూ. అది కూడా పోతే అమ్మకు జావ ఎక్కడి నుంచి? ఆ భయంలో ఆమె బుర్ర ఎన్నాళ్ళకో చురుగ్గా పనిచేసింది.

"ఎల్లుండి శాన్ ఇసిద్రో పండగ కదే," అంది. "ఇదంతా గడలకు కట్టేద్దాం."

ఏటా మే నెల పదిహేనున రైతుల దేవుడు ఊరేగుతాడు. ఇంటిముందు సన్న వెదురు గడలు పాతి, కొమ్మకొమ్మకూ తినుబండారాలు కడతారు. ఆకులో చుట్టిన జిగురన్నం, సాసేజి దండలు, పళ్ళు, బిస్కట్లు, ఒక్కోసారి బతికున్న కోడి. దేవుడి బండి దాటిపోయే దాకా ముట్టకూడదు. దాటిందా, ఇక దోపిడీయే. ఎవరింటి గడ మీదైనా ఎవరైనా పడొచ్చు, గడ విరిచెయ్యొచ్చు, చొక్కాలు చిరిగినా ఫిర్యాదు లేదు. పోయినేడు పెద్దవీధి డాక్టరు గారి భార్య ఎత్తుమడమల చెప్పులతో ఎగిరి సాసేజి దండ తెంచుకుని, దాన్ని మెళ్ళో వేసుకుని ఇంటికెళ్ళింది. అడుక్కున్నదని ఎవరైనా అన్నారా? లేదు, ఫోటోలు తీశారు. అయితే ఈ ఏడు పురింగ్ వాళ్ళ సందులో కట్టడానికి ఏమీ లేక గడలే వద్దనుకున్నారు.

నెనీత కళ్ళు పెద్దవయ్యాయి. "నీ బుర్రను ముద్దుపెట్టుకోవాలే!" అంది.

పురింగ్ అసలు ఎత్తు మాత్రం నెనీతకు తెలియదు. శనివారం జనంలో కలిసి తనూ ఎగిరి ఒక పొట్లం తెంచుకుంటుంది. ఆకలితో ఎగిరిందెవరో సరదాకు ఎగిరిందెవరో దేవుడు కూడా కనిపెట్టలేడు. కిరీటం తలమీదే ఉంటుంది, బియ్యం డబ్బాలోకి వస్తుంది.

శుక్రవారమంతా మిషను ఆగలేదు. పెళ్ళిగౌన్ల తాలూకు మిగిలిన శాటిన్ ముక్కలు, వలగుడ్డ, లేసు అంచులు, అన్నీ బయటికి తీసి నలభై రెండు సంచులు కుట్టింది, పిడికెడు మొదలు అరకిలో పట్టేవి దాకా. నెనీత పంపిన బల్ల సరుకు వాటిలో నింపితే, లోపల బియ్యమో, పెసలో, నూడుల్సో పైకి తెలియదు. నానయ్ ఇస్కా రిబ్బను ముడులు వేసింది. పని చేతిలో పడేసరికి ముసలావిడ చేతి వణుకు కూడా తగ్గింది, లేదా పురింగ్‌కు అలా అనిపించింది. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో మిషను చప్పుడుకు పాట కలిసింది. ఆ రోజు ఆకలి ఉంది గానీ, దిగులు మాత్రం లేదు.

"ఈ నీలంది ఎవరికే? దీన్లో అన్నిటికంటే ఎక్కువ పోశావు," అంది నానయ్.

"ఎవరికి దక్కితే వాళ్ళకి."

"ఊఁ. నాతోనా?" అంది ఆవిడ, రిబ్బను ఇంకో ముడి బిగిస్తూ.

శనివారం మధ్యాహ్నం ఆంబో గడలు నరికి తెచ్చాడు. నెనీత గేటుకు అటొకటి ఇటొకటి, కాంపౌండు గోడ పొడుగునా మరో ఆరు పాతారు. పురింగ్ నీలం సంచీని గేటు పక్క గడకు, కింది కొమ్మకు, తన చెయ్యి సులువుగా అందేంత ఎత్తులో కట్టింది. రెండు అడుగులు వెనక్కి వేసి, ఎటునుంచి ఎలా ఎగరాలో కూడా చూసుకుంది. తర్వాత రోడ్డు మీద అందరికంటే ముందు నిలబడదామని బయల్దేరింది.

"ఎక్కడికే?" నెనీత రెక్క పట్టుకుంది. "సంచులు కుట్టింది నువ్వు, ఆలోచన నీది. నువ్వూ ఇంటిమనిషివే. లోపలికి రా!"

వద్దనే లోపు గేటు లోపలికి లాగేసి, గడియ వేసి, తలమీద పూల టోపీ పెట్టేసింది.  గడకు అవతల నిలబడ్డవాళ్ళదే దోపిడీ. ఇంటిమనిషి తన గడ మీద చెయ్యి వెయ్యకూడదు, వేస్తే ఏడాదంతా నవ్వుతారు. నీలం సంచీ పురింగ్ ముక్కుకు మూరెడు దూరంలో గాలికి ఊగుతోంది, తను మాత్రం టోపీ పెట్టుకుని మళ్ళీ దాత అయిపోయింది.

నాలుగున్నరకి బ్యాండు మోగింది. గేదె బొమ్మతో, నాగలితో, పూల గొడుగు కింద శాన్ ఇసిద్రో సందు మొదట్లోకి వచ్చాడు. జనం శిలువ గుర్తు వేసుకున్నారు. బండి నెమ్మదిగా నెనీత ఇల్లు దాటింది, మలుపు తిరిగింది.

పక్కవీధిలో ఒక్కసారిగా హోరు లేచింది. గడలు విరుగుతున్న చప్పుడు, కేకలు, నవ్వులు. ఈ సందులో మాత్రం ఎవరూ కదల్లేదు.

వీధి వీధంతా గడల కింద నిలబడి ఉంది. ఆంబో చేతులు కట్టుకున్నాడు. లూసింగ్ పిల్లల భుజాలు పట్టుకుని ఆపింది. అందరి కళ్ళూ సంచుల మీదే ఉన్నాయి, ఒక్క చెయ్యీ లేవడంలేదు. ఆ సంచుల్లో ఉన్నది బల్ల మీది సరుకేనని సందంతటికీ తెలుసు. శాటిన్ కప్పినా, రిబ్బను కట్టినా తెలుసు.

నానయ్ ఇస్కా ఎదురింటి కిటికీలోంచి కేక వేసింది. "ఏంరా, చేతులు ఇంట్లో పెట్టి వచ్చారా? నా ముడులు గట్టివే, లాగితే గాని రావు!"

ఎవరో నవ్వారు. గడల మీద మాత్రం చెయ్యి పడలేదు.

"తియ్యవే లూసింగ్!" నెనీత గొంతులో ఏడుపు తొంగిచూసింది. "పండగే కదా!"

"కడుపు నిండుగా..." అని మొదలుపెట్టి, లూసింగ్ పూర్తి చెయ్యలేకపోయింది. తల వంచుకుంది. తర్వాత గేటు లోపలి పూల టోపీ వైపు చూసింది. "పురింగ్ ఆతె చూస్తోంది," అంది చిన్నగా. "నా నడుము కొలత ఆమెకు తెలుసు. ఏ గడ మీద పడ్డా సరదాకి పడ్డానని ఆమె అనుకోదు కదా. మొన్న ఆ కుర్చీలో ఆమె కూర్చుని ఉంటే ఎవరికి మొహం చెల్లుతుంది? ఆమె అందరికీ పెట్టే మనిషి."

ఆంబో నేల చూశాడు. అతనిదీ అదే మాటని అర్థమైంది.

పురింగ్‌కు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఇన్నాళ్ళూ తన సిగ్గు తన ఇంటి గొడవ అనుకుంది. తనూ తన అమ్మా పస్తుంటే ఎవరికి నష్టం అనుకుంది. తను ఆ కుర్చీలో నిటారుగా కూర్చున్న ప్రతి గంటా లూసింగ్ పిల్లల గుడ్లు బల్ల మీదే ఉండిపోయాయని ఇప్పుడు తెలిసింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ కోపమే లేకపోతే తర్వాతి పని చేసేది కాదు.

టోపీ తీసి గోడ మీద పెట్టింది. గేటు గడియ తీసింది.

"ఏం చేస్తున్నావే?" అంది నెనీత.

పురింగ్ గేటు బయటికి వచ్చి, జనం వైపు నిలబడి, వెనక్కి తిరిగింది. మిషను చప్పుడును మించి కేకలు వేసే పాత గొంతే వచ్చింది.

"మా ఇంట్లో బియ్యం లేవు. మంగళవారానికే డబ్బా అడుగంటింది. నేను ఈ బల్ల దగ్గరికి తీసుకుందామనే వచ్చా, రెండుసార్లూ. సిగ్గేసి ఉన్నది కూడా ఇచ్చేసి పోయా. మా అమ్మ ఎండుచేప కోసం నన్నిప్పటికీ తిడుతోంది."

"తిడతా, తిడుతూనే ఉంటా!" అంది కిటికీ.

"ఆ నీలం సంచీ నాది. ఎవరైనా అడ్డమొస్తే ఊరుకోను," అని, యాభై ఎనిమిదేళ్ళ మనిషి గౌను అంచు ఒక చేత్తో పట్టుకుని ఎగిరింది. ఎగరక్కర్లేదు, చేతికందే ఎత్తే. అయినా ఎగిరింది. గట్టి ముడి కదా, సంచీ రాలేదు, కొమ్మే విరిగి నెత్తిమీద పడింది. శాటిన్ సంచులతో, ఆకులతో, ఆ కొమ్మను కిరీటంలా జుట్టులో ఇరికించుకుని రోడ్డు మధ్యలో నిలబడింది పురింగ్.

ముందు నవ్వింది లూసింగ్ చిన్నకూతురు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పలేను. సందంతా గడల మీద పడింది. ఆంబో చెట్లెక్కే మనిషి కాబట్టి గడ పైకే పాకాడు, గడ వంగి అతన్ని లూసింగ్ ముందు దించింది, లూసింగ్ అతని చేతిలోని గుడ్ల బుట్ట లాక్కుంది. గుమ్మడికాయ కోసం ఎవరో ఇద్దరు ముసలివాళ్ళు కలబడ్డారు. నెనీత గోడ మీది టోపీ కూడా పోయింది, ఇప్పటికీ దొరకలేదు.

పది నిమిషాల్లో ఎనిమిది గడలూ బోడిగా మిగిలాయి. నెనీత గేటు దగ్గరే నిలబడి ఉంది, చెంపలు తడిగా ఉన్నాయి. పురింగ్ ఆమె దగ్గరికి వెళ్ళింది.

"మొద్దు మొహమా," అంది నెనీత. "నా ఎదురుగా నిలబడి ఎండుచేపలు ఇచ్చావు. నేను వీధంతా చూపించాను. ఎంత సంతోషపడ్డానో తెలుసా నేను? నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నీకే చెప్పలేకపోయానే. ఇంకెవరికైనా చెప్పేదాన్నేమో."

"ఆ బూట్ల గురించా?"

పురింగ్ జుట్టులో మిగిలిన ఆకు ఒకటి పీకి పారేసింది.

"ఆ బూట్లు నాకు రెండేళ్ళు వచ్చాయి," అంది నెనీత. "రోజూ వేసుకున్నా. ఒక్కరోజూ నీ మొహం చూడ్డానికి సిగ్గుపడలేదు నేను. ఎందుకు పడాలి? కాళ్ళు కాలాయి, బూట్లు ఉన్నాయి, వేసుకున్నా." కళ్ళు తుడుచుకుని, అలవాటైన అరుపుకు వచ్చేసింది. "పో, ముందు అమ్మకి వండిపెట్టు. గట్టిగా వండు, జావ కాదు!"

ఆ సాయంత్రం నానయ్ ఇస్కా రెండు పళ్ళాల అన్నం తిని, సార్డిన్ డబ్బా అడుగు కూడా వేలితో తుడిచి, ఇక మాట్లాడే ఓపిక లేదని చెప్పి పడుకుంది. ఆవిడ నోట ఆ మాట రావడం పురింగ్ అంతకు ముందు ఎప్పుడూ వినలేదు.

ఆదివారం నెనీత బల్ల తియ్యలేదు. సోమవారం పొద్దున్నే రైతుబజారు నుంచి కొత్త సరుకు వచ్చింది. పండగ అయిపోయింది, గడలు లేవు, శాటిన్ లేదు, మామూలు ఎండ, మామూలు బల్ల. పురింగ్ సంచీ తీసుకుని గుమ్మం దాటుతుంటే పాత భయం మళ్ళీ కాస్త కదిలింది. మళ్ళీ ఎవరూ రాకపోతే? పండగ పూట అన్నది పండగతో పోతే?

రోడ్డు మీదికి వచ్చి చూసింది. బల్ల ముందు తొమ్మిది మంది ఉన్నారు. లూసింగ్ చేతిలో సంచీతో పాటు తూటికూర కట్ట ఒకటి ఉంది, చెరువుగట్టున కోసుకొచ్చినట్టుంది, బల్ల మీద పెట్టడానికి. ఆంబో, ఎక్కడ దొరికాయో గానీ, నాలుగు కొబ్బరిబొండాలు కాళ్ళ దగ్గర పెట్టుకుని, ముందున్నామెతో ఏదో వాదిస్తున్నాడు.

పురింగ్ అలవాటు కొద్దీ నేరుగా బల్ల దగ్గరికే నడిచి, బియ్యం పొట్లం మీద చెయ్యి వెయ్యబోయింది.

"ఆతె!" లూసింగ్ గట్టిగా పిలిచింది. "ఏంటది? మేం పొద్దుట్నించీ ఎండలో నిలబడి ఉన్నాం. ఆతె అయితే మాత్రం? చివరికి పో!"

నెనీత తప్ప ఆ వీధిలో పురింగ్‌తో అలా మాట్లాడిన మనిషి లేదు. అందరూ తిరిగి చూశారు. 

"పోతున్నాలేవే, అరవకు," అంది పురింగ్.

చెయ్యి వెనక్కి తీసుకుని, తొమ్మిది మందినీ దాటుకుంటూ వెళ్ళి, వరస చివర నిలబడింది. మొహం మీదికి వస్తున్న నవ్వును దాచుకోవడానికి సంచీ అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.